బెల్లం కుండల మీద నేను రాసిన రిపోర్టు

నేను రిటైరవడానికి మూడేళ్ల ముందు, జూన్ మొదటి వారంలో, మా పెస్ట్ కంట్రోల్ కంపెనీ గుడివాడ బ్రాంచి నుంచి నన్ను మచిలీపట్నం పనికి వేశారు. అప్పటికి నేను సీనియర్ సూపర్‌వైజర్‌ని. మా దగ్గర టెక్నీషియన్లు మందు కొడతారు. ఏ మందు, ఎక్కడ, ఏ వరసలో కొట్టాలో సూపర్‌వైజరు రాస్తాడు. బ్రాంచి మేనేజరు చదివి సంతకం పెడతాడు. బొద్దింకల విషయంలో ఆయన చదవకుండా సంతకం పెట్టేది నా కాగితాల మీదే. ఆ సంగతి నాకు కాస్త ఎక్కువగానే తెలుసు.

పని ఒక వీధి మొత్తానికీ బొద్దింకలు వదిలించడం. రెండు వరసల ఇళ్లు, మధ్యలో పలకలు కప్పిన మురుగు కాల్వ. వీధి కమిటీ ప్రెసిడెంటు రత్నకుమారి గారు హెడ్‌మిస్ట్రెస్‌గా చేసి రిటైరయ్యారు. నన్ను గేటు దగ్గరే నిలబెట్టి విషయం తేల్చేశారు.

“ఎక్కణ్ణించి వస్తున్నాయో మాకు తెలుసండీ. మీరు కాయితం మీద పెడితే చాలు.”

వీధి చివర ఆవిడదే ఒక రేకుల షెడ్డు ఉంది. అందులో ఖాదర్ వలీ గారు అద్దెకుండి కలంకారీ అద్దకం చేస్తారు. నల్ల రంగు కోసం తుప్పు ఇనుమూ బెల్లమూ నీళ్ల కుండల్లో రోజుల తరబడి నానబెడతారు. ఆ పులిసిన వాసనకే బొద్దింకలు చేరుతున్నాయని వీధి అంతా నమ్మింది. కంపెనీ కూడా అదే మాట రాస్తే షెడ్డు ఖాళీ చేయించాలని కమిటీ తీర్మానం.

మందు కొట్టేముందు ఇంటింటా జిగురు అట్టలు పెట్టి, రెండు రోజుల తర్వాత ఎక్కడ ఎన్ని అంటుకున్నాయో లెక్కపెట్టాలి. ఎక్కడ ఎక్కువ పడితే అక్కడికి దగ్గర్లోనే వాటి కాపురం. ఈ పద్ధతి కొత్తవాళ్లకు నేర్పేది నేనే. ఆ రోజు నాకే అది అవసరం అనిపించలేదు. ఖాదర్ వలీ గారు అద్దకం బట్టలు జాడించడానికి ఊరి బయట పంట కాల్వకు వెళ్లారు, షెడ్డుకు తాళం వేసి ఉంది. కిటికీలోంచి నాలుగు కుండలు చూశాను, వాసన చూశాను, రిపోర్టులో ‘మూలం’ అన్న గడిలో ‘బెల్లం కుండలు’ అని రాశాను. సాయంత్రానికి కాపీ రత్నకుమారి గారి చేతిలో ఉంది. కుండల సంగతి కమిటీ చూసుకుంటుందని, మర్నాడు ఏ వీధికైనా మామూలుగా చేసేట్టే మురుగు కాల్వలో మందు కొట్టించాను.

ఆ మందు చంపే ముందు తరుముతుంది. ఆ మర్నాడు పొద్దున్నే రత్నకుమారి గారి ఫోను.

“సూపర్‌వైజర్ గారూ, స్నానాలగదిలో గోడ కనపట్టం లేదు. మీరు వాటికి మందు కొట్టారా, మా ఇంటికి పిలుపులు చెప్పారా?”

వెళ్లి చూస్తే అన్నీ పెద్దవి, ఎర్రవి. అంటే మురుగులో పెరిగేవి. వంటింటి అరల్లో కాపురముండేవి చిన్నవి, లేత గోధుమరంగువి. స్నానాలగది మూల నీళ్లు పోయే జాలీ పైకెత్తాను. దాని కింద ఒక గిన్నె ఉండాలి. అందులో ఎప్పుడూ నీళ్లు నిలిచి గొట్టాన్ని మూసి ఉంచుతాయి, కింది పురుగు పైకి రాదు. అక్కడ గిన్నె లేదు. పక్కింట్లోనూ లేదు. మా వైపు చేపలు లేనిదే పూట గడవదు. ఆ వీధిలో చేపలు కడిగేది స్నానాలగది పంపు కిందే. పొలుసు అడ్డంపడి నీళ్లు నిలుస్తున్నాయని అందరూ గిన్నెలు పీకేశారు. రత్నకుమారి గారు తన గిన్నెలో కోళ్లకు నీళ్లు పెడుతున్నారు.

అప్పుడు అట్టలు తీసుకుని షెడ్డుకు వెళ్లాను. వీధిలో అంత శుభ్రమైన చోటు ఇంకోటి లేదు. అద్దకం బట్టను ముందు కరక్కాయ, పాలు కలిపిన నీళ్లలో ముంచుతారు. ఆ పాల వాసనకు బొద్దింకలు బట్టను కొరికేస్తాయి. అందుకే ఖాదర్ వలీ గారు కుండలకు రెండు మడతల గుడ్డ బిగించి కడతారు, నీళ్ల తూముకు ఇటుక అడ్డం పెట్టి తడి గోనె కప్పుతారు. బొద్దింకంటే ఆయనకున్న భయం ఆ వీధిలో ఎవరికీ లేదు.

కానీ నాలుగు కుండలూ బోర్లించి ఉన్నాయి. కమిటీ చూపించిన నా కాగితం చదివి ఆయనే రంగంతా పారబోశారు. చేతిలో ఉన్న దుప్పట్ల పని సగంలో ఆగిపోయింది. నాకు తల కొట్టేసినట్టయింది.

అట్టలు నా తప్పునే చూపించాయి. షెడ్డులో ఒక్కటీ పడలేదు, స్నానాలగదుల్లో అట్టలు నిండిపోయాయి. ఈసారి వరస మార్చాను. ముందు జాలీల కింద మళ్లీ గిన్నెలు, గొట్టాల చుట్టూ సిమెంటు, తర్వాత వంటిళ్లలో మందు జెల్ చుక్కలు, చివర్న కాల్వ. పది రోజుల్లో వీధి శుభ్రమైంది. బొద్దింకల పని నాకు వచ్చు, ఆ మాట ఇప్పటికీ గట్టిగానే చెబుతాను.

పాత రిపోర్టు కొట్టేసి, తప్పు నాదేనని రాసి సంతకం పెట్టాను. రత్నకుమారి గారు అది రెండుసార్లు చదివి, కమిటీలో తానే వినిపిస్తానన్నారు, వినిపించారు. షెడ్డు ఖాదర్ వలీ గారికే ఉంది.

కొత్త కాపీ ఇస్తూ, కుండల్లో బొద్దింకలేవీ లేవని తెలిసి కూడా ఎందుకు పారబోశారని ఆయన్ని అడిగాను.

“తెలుసండీ. కానీ మీరు రాశారంటే, నా కంటికి ఆననిది ఏదో మీరు చూసే ఉంటారనుకున్నాను సార్.”

నేను చూసింది తాళం వేసిన షెడ్డు కిటికీ. మన మాటను జనం తమ కళ్లకంటే ఎక్కువ నమ్మే ఉద్యోగంలో, చూడనిది రాయకూడదు.