చేతులెత్తని క్వయర్ మాస్టరు

ఆ రోజుల్లో నాకు లోకంలోని రంగులన్నీ రెండే రకాలు. చెమటను దాచిపెట్టేవి, చెమటను ఊరంతా చాటేవి. తెలుపు, నలుపు మనవాళ్లు. బూడిద రంగు, ఇటుక రంగు పగవాళ్లు. లేత నీలం సంగతి అసలు ఎత్తకండి. ఆ రంగు చొక్కా వేసుకుని పది నిమిషాలు కూర్చుంటే చాలు, నా చంకల కింద రెండు నెలవంకలు మొలిచేవి, గంట తిరిగేసరికి పున్నమి వచ్చేది. ఎండాకాలంలో ఫరవాలేదు, మా మంచిర్యాల వైపు మే నెలలో తడవని చొక్కా ఉండదు. కానీ నా చెమటకు కాలంతో పనిలేదు. డిసెంబరులో అందరూ స్వెటర్లు వేసుకుని చలిమంట దగ్గర చేతులు కాచుకుంటుంటే, నేను వాళ్ల వెనక నిలబడి చంకలు ఆరబెట్టుకునేవాణ్ణి.

దీనివల్ల నేను పోగొట్టుకున్నవి తక్కువేమీ కాదు. చదువుకునే రోజుల్లో జవాబు తెలిసినా చెయ్యి ఎత్తేవాణ్ణి కాదు, సార్లు నన్ను మొద్దు కింద జమకట్టేశారు. తర్వాత నేనే ఒక ప్రైవేటు బడిలో లెక్కల సారునయ్యాక బోర్డు కింది సగమే వాడేవాణ్ణి. (పై సగంలో నేను చేరక ముందెవరో రాసిన 'నిశ్శబ్దం పాటించుడి' అనే మాట నేను మానేసే రోజుదాకా చెక్కుచెదరలేదు.) మా ఊరు నస్పూర్ నుంచి బస్సులో వెళ్లేటప్పుడు పైన కడ్డీ పట్టుకోలేక, ఎవరో ఒక పెద్దాయన భుజానికి ఆనుకుని, ప్రతి మలుపులోనూ ఆయనకు క్షమాపణ చెప్పుకుంటూ పోయేవాణ్ణి. పౌడరు దట్టిస్తే అరగంటలో పిండి ముద్ద అయ్యేది. ఎవరో చెప్పారని నిమ్మచెక్క రుద్దుకున్నాను, అదీ అప్పుడే గీసుకున్న చంకలకు. ఆ ఉదయం మా ఇంటి వెనక నేను చేసిన నాట్యం చూసి పక్కింటివాళ్లు నాకు తేలు కుట్టిందనుకున్నారు.

మా బాపుకు ఇదంతా అర్థమయ్యేది కాదు. ఆయన బొగ్గు బాయిలో పనిచేసేవాడు. డ్యూటీ దిగి వచ్చేసరికి ఆయన చొక్కా మీద చెమట ఎండి తెల్లటి ఉప్పు చారలు ఉండేవి. ఆ చొక్కాతోనే వాకిట్లో కూర్చుని, దొరలా కాలు మీద కాలేసుకుని చాయ్ తాగేవాడు. ఒకసారి నేను నీలం చొక్కా మార్చుకుంటుంటే చూసి, "బాయిల దిగినోనికి చెమట పట్టకపోతె పని చెయ్యలేదనుకుంటరు బిడ్డా. నీకెందుకురా గంత సిగ్గు?" అన్నాడు. "నేను బాయిల లేను గదా బాపూ, బడిల ఉన్న" అన్నాను. ఆయన కాసేపు ఆలోచించి, "గదీ నిజమే" అని చాయ్ తాగడంలో పడిపోయాడు.

ఇలాంటి నన్ను మా చర్చి పాటల బృందానికి, అదే క్వయర్‌కు, మాస్టరును చేశారు. నాకు హార్మోనియం వచ్చు, పాత మాస్టరు ఉద్యోగం నుంచి దిగిపోయి కూతురి దగ్గరికి బెల్లంపల్లి వెళ్లిపోయాడు, అంతే నా అర్హత. ఆ పాత మాస్టరు బాయిలో మనుషులను దింపే బండికి సైగలు ఇచ్చే పని చేసినవాడు. ఆయన క్వయర్‌నూ అదే పద్ధతిలో పెంచాడు. చెయ్యి నడుము దగ్గర ఉంటే సన్నగా పాడాలి, భుజం దగ్గరికి వస్తే మామూలుగా పాడాలి, తల మీదికి లేస్తే గుడి పైకప్పు కదలాలి. పన్నెండు మందిలో సగం బాయి మనుషులే కాబట్టి ఆ నియమం వాళ్ల రక్తంలోకి ఎక్కింది. సైగ లేకుండా బండి కదిలితే ప్రాణాలు పోయే చోట బతికినవాళ్లు మరి. మాస్టరు చెయ్యి ఎంత లేస్తే గొంతు అంతే లేవాలి, ఒక్క వేలెడు కూడా ఎక్కువ లేవకూడదు.

నేనేమో మోచేతులు డొక్కలకు అతికించుకుని, మణికట్లు మాత్రమే తిప్పేవాణ్ణి. వాళ్లు ఎంతో క్రమశిక్షణతో గుసగుసలాడేవారు. పునరుత్థానాన్ని కూడా పక్కింటి రహస్యంలా పాడేవారు.

వారం తర్వాత బాపు లేచాడు. ఆయన క్వయర్‌లో అందరికన్నా పాత గొంతు. (ప్రాక్టీసులో ఆయన నన్ను కొడుకుగా చూసేవాడు కాదు, అక్కడ నేను పై అధికారిని.) "మాస్టరూ, గీ పాట మాకే ఇనపడ్తలేదు. రేపు పండుగనాడు పెద్దయ్యగారికి ఎట్ల ఇనపడ్తది?"

"జర గట్టిగ పాడుండ్రి మరి" అన్నాను.

"చెయ్యి కిందనే ఉన్నది గదా. చెయ్యి లేస్తె గొంతు లేస్తది."

"పట్నంల ఇప్పుడు గిట్లనే పాడుతున్నరు బాపూ" అని అబద్ధమాడాను. పన్నెండు మందీ పట్నం మీద జాలిపడ్డారు.

ఇది నవ్వుకుని వదిలేసే సంగతి అయితే బాగుండేది. పంటలో తొలి భాగం గుడికి తెచ్చే కోత పండుగకు పెద్దయ్యగారు, అంటే మా చర్చిలన్నిటికీ పెద్ద పాస్టరు, వస్తున్నారు, చెన్నూరు సంఘం వాళ్లూ వస్తున్నారు. మా చర్చి కమిటీ పెద్దమనిషికి క్వయర్ మీద నమ్మకం పోయింది. ఆయన జేబులో రికార్డు పాటల పెన్‌డ్రైవ్ పెట్టుకుని తిరిగేవాడు. "గింత పరేషాన్ ఎందుకు? పండుగనాడు సూద్దాం. మంచిగ రాకపోతె క్రిస్మస్ నుంచి ట్రాక్ పెట్టుకుందాం, క్వయర్ బంద్" అని అందరి ముందూ చెప్పేశాడు. ఆ రాత్రి బాపు ఇంటికి వచ్చి అన్నం సగం తిని లేచాడు. ముప్పై ఏళ్లుగా భూమి లోపల ఆరు రోజులు నోరు మూసుకుని పనిచేసి, ఆదివారం ఒక్కరోజు ఆ గుడిలో గొంతెత్తే మనిషి. నా చంకల వల్ల ఆ గొంతు మూగబోతుందని నాకు తెలుసు, ఆయనకు తెలియదు. అది నాకు చెమట కన్నా పెద్ద శిక్ష.

అంతలో కమిటీ ఇంకో మేలు చేసింది. క్వయర్‌కు కొత్త బట్టలు, మగవాళ్లకు చొక్కాలు, ఆడవాళ్లకు జాకెట్లు. రంగు, మీరు ఊహించినట్టే, లేత నీలం.

కుట్టే పని మా పెద్దమ్మది. పెద్దమ్మ అంటే మా అవ్వకు, అదే మా అమ్మకు, అక్క. పెదనాన్న పోయాక ఒక్క కుట్టు మిషను మీద ఇల్లు నిలబెట్టిన మనిషి. క్వయర్‌లో ముందు వరసలో ఆమే నిలబడేది. ఆమె కత్తెర గురించి నస్పూర్‌లో కథలు చెప్పుకునేవారు. మనిషిని ఒకసారి పైనుంచి కిందిదాకా చూసిందంటే టేపుతో పనిలేదనీ, ఆమె చేతిలో అంగుళం గుడ్డ కూడా వృథా పోదనీ. ఆ పేరంటే ఆమెకు ప్రాణం. ఎవరైనా 'జర వదులైంది పెద్దమ్మా' అంటే, "నువ్వే సన్నబడ్డవ్" అనేది.

నా కొలతలు తీసుకునే రోజు దారం కట్టిన కళ్లద్దాలు సర్దుకుని, "చేతులు లేపు బిడ్డా" అంది. నేను జానెడు లేపాను. "ఇంక జర." ఇంకో వేలెడు లేపాను. ఆమె టేపు పట్టుకుని నా చంక దగ్గర ఒక్క క్షణం ఆగింది. బయట చలిగాలి వీస్తోంది, నా బనియను మాత్రం పిండితే కారేట్టు ఉంది. నేల చీలితే బాగుండుననుకున్నాను. ఆమె ముఖంలో ఏమీ కనిపించలేదు. "అయిపాయె. దించుకో" అని, కొలత రాసుకుని, "అవ్వ వంట ఏం జేసింది?" అని అడిగింది. నేను బతికిపోయాననుకుని ఇంటికి పరిగెత్తాను.

పండుగ రోజు పొద్దున గుడి వెనక గదిలో మూట విప్పేసరికి గొడవ మొదలైంది. చొక్కాలన్నీ లేత నీలమే, కానీ ప్రతి చొక్కాకూ చంకల కింద అరచెయ్యంత ముదురు నీలం ముక్కలు. ఆడవాళ్ల జాకెట్లకూ అంతే. దండెం మీద వరసగా వేలాడుతుంటే పన్నెండు మంది అప్పుడే పొలం దున్ని వచ్చి విప్పినట్టుగా ఉన్నాయి. కమిటీ పెద్దమనిషి తల పట్టుకున్నాడు. "ఇదేందమ్మా?"

"గుడ్డ తక్కువ పడ్డది" అంది పెద్దమ్మ.

"నీకా?"

"నాకే. కత్తెర తప్పింది."

నలభై ఏళ్లలో ఆమె నోట ఆ మాట ఎవరూ వినలేదు. 'కళ్లు పోయినయ్, వయసైంది గదా' అని ఎవరో వెనక గొణిగితే కూడా ఆమె విననట్టే నిలబడింది. ఇక నా తెలివి చూడండి. ఆమె చేసిందేమిటో నాకు తట్టలేదు సరికదా, 'ఉన్నది చాలక అందరి చూపూ చంకల మీదికే తెచ్చింది గదా ఈ పెద్దమ్మ' అని లోలోపల తిట్టుకున్నాను.

గుడి కిక్కిరిసిపోయింది. ముందు గుమ్మడికాయలు, జొన్న కంకులు, కాళ్లు కట్టిన కోళ్లు. పాట ఎత్తుకున్నాం. మొదటి చరణం కన్నా కోళ్లే గట్టిగా వినిపించాయి. పెద్దయ్యగారు చెవి ముందుకు వంచారు. కమిటీ పెద్దమనిషి చెయ్యి జేబులోకి పోయింది. నేను బాపు వైపు చూశాను. ఆయన నా చేతులనే చూస్తున్నాడు, సైగ కోసం. ఆ జనం ఉక్కకు ఆయన చంకలు నిజంగానే తడిసిపోయాయి. పాటల పుస్తకం పైకి పట్టుకున్నాడు కాబట్టి నాకు స్పష్టంగా కనిపిస్తోంది. ఎంత చూసినా ముదురు గుడ్డ ఎక్కడ అయిపోయిందో, చెమట ఎక్కడ మొదలైందో తెలియలేదు. పక్కనున్నాయన్ని చూశాను, తెలియలేదు. వరస చివరిదాకా చూశాను. అప్పుడు పెద్దమ్మ వైపు చూశాను. ఆమె కళ్లద్దాల మీదుగా నన్నే చూస్తూ గడ్డం ఒక్కసారి పైకి ఎగరేసింది.

నేను రెండు చేతులూ తల మీదికి ఎత్తాను. నా జీవితంలో మొదటిసారి అంత ఎత్తు ఎత్తాను.

పదిహేను రోజులుగా ఆపి ఉంచిన గొంతులన్నీ ఒక్కసారిగా లేచాయి. కోళ్లు నోరు మూసుకున్నాయి. చెన్నూరు వాళ్ల పిల్ల ఒకతి ఏడుపు లంకించుకుంది. బాపు కళ్లు మూసుకుని, మెడ నరాలు తేలేలా పాడుతున్నాడు. పాట అయ్యాక పెద్దయ్యగారు ఇంకొకటి పాడమన్నారు. పెన్‌డ్రైవ్ జేబులోనే ఉండిపోయింది.

నెల తర్వాత క్రిస్మస్‌కు గుడిలో ప్రసంగ పీఠానికి కొత్త గుడ్డ కప్పారు. పైనుంచి కిందిదాకా లేత నీలం, చుట్టూ కుచ్చులు కూడా. అదే గుడ్డ. కమిటీలో ఒక్కరూ గమనించలేదు. ఆరాధన అయ్యాక పెద్దమ్మను పక్కకు పిలిచాను. "పెద్దమ్మా, గుడ్డ తక్కువ పడ్డదంటివి గదా?"

"తక్కువ పడకపోతె నీ చెయ్యి ఎట్ల లేస్తుండెరా?" అంది, కొంగుతో నా నుదురు తుడుస్తూ. "పీఠం మంచిగున్నదా లేదా, గది జెప్పు."

మంచిగుందని తలూపాను. నలభై ఏళ్ల పేరును నా చంకల కింద ముక్కలుగా వేసి కుట్టేసిన మనిషికి ఏమని చెప్తాం.

చాలా ఏళ్లకు కరీంనగర్‌లో ఒక చర్మం డాక్టరు, ఇది ఎంతోమందికి ఉండేదేనని చెప్పి, రాత్రి పూసుకునే మందు రాసిచ్చి, "ఇన్నాళ్లు ఎందుకు రాలేదండీ?" అన్నాడు. నిజమే, ఎందుకు వెళ్లలేదో. చెమట ఇప్పుడు బాగా తగ్గింది. ఆ నీలం చొక్కా మాత్రం నాకు పట్టకపోయినా బీరువాలోనే ఉంది. దాన్ని చూసినప్పుడల్లా ఆ మోచేతులు డొక్కలకు అతికించుకున్న కుర్రవాడు గుర్తొచ్చి నవ్వొస్తుంది, కొంచెం జాలీ వేస్తుంది. క్వయర్ మాస్టరు ఇప్పటికీ నేనే. డెబ్బై దాటిన పెద్దమ్మ ఇప్పటికీ ముందు వరసలోనే, కాకపోతే కుర్చీలో. నా చేతులు ఇప్పుడు తల మీదే ఉంటాయి, దిగమన్నా దిగవు. మొన్న ఆదివారం మూడో చరణం మధ్యలో ఆమె పాట ఆపి, అందరికీ వినపడేట్టు అంది: "జర దించు బిడ్డా, మాకు ఊపిరాడ్తలేదు."