పై మెట్ల మీది నా గొంతు

నా పేరు రాజవ్వ. జమ్మికుంటలో పత్తి మార్కెట్ వెనక గల్లీ మాది. వయసు డెబ్బై దాటిందని కోడలు చెబుతుంది. నాకు అక్షరం రాదు కనుక ఆమె లెక్కే నా లెక్క. ఇంట్లో నేను, కొడుకు, కోడలు. గోడ అవతల మా మరిది సంసారం. పోయిన అమావాస్య పొద్దున ఆ గోడ అవతలి నుంచి ఏడుపు వినిపించింది. మా మరిది నిద్రలోనే పోయాడు. పదో దినమైనా కాకముందే ఆయన టేపు పెట్టెను పాత సామాన్లవాడికి ఇచ్చేద్దామన్న మాట నా చెవిన పడింది. అందుకే నేను చెబుతున్నాను, కోడలు రాస్తున్నది. మీరు వినండి.

ఆ పెట్టె ఏమిటో చూడనివాళ్లకు చెప్పాలి. మా మరిది పడుచుతనంలో బొంబాయి పోయి, పాటలు రికార్డు చేసే ఒకచోట సామాన్లు మోసే పనిలో చేరాడు. అక్కడ మూలన పడేసి ఉన్నదాన్ని అడిగి తెచ్చుకున్నాడు. స్టేషన్ నుంచి పత్తి బోరాల బండి మీద ఇల్లు చేరింది. హార్మోనియంకు ఉన్నట్టే మెట్లుంటాయి, గాలితిత్తి ఉండదు. ఒక్కో మెట్టు కింద ఒక్కో టేపు ముక్క. మెట్టు నొక్కితే ముక్క కదిలి, దాని మీద పట్టిన చప్పుడు పలుకుతుంది. ముక్క అయిపోతే ఆగిపోతుంది. వేలు తీస్తే టేపు మళ్లీ మొదటికి పోతుంది.

మొదట అందులో తెల్లదొరల ఫిడేళ్లు ఉండేవి. "గీ ఫిడేళ్లతోని పిల్లను అత్తగారింటికి సాగనంపితె ఒక్కలు గూడ ఏడ్వరు వదినే" అని ఆ ముక్కలన్నీ పీకేశాడు. గల్లీలో మంగళహారతులు పాడే ముగ్గురు ఆడవాళ్లం ఉండేవాళ్లం. మమ్మల్ని జిన్నింగు మిల్లు గోదాములోకి తీసుకుపోయాడు. చుట్టూ పత్తి కుప్పలుంటే గొంతు దేనికీ తగిలి వెనక్కి రాదట. ఒక్కో స్వరం పట్టుకొని, ఊపిరి ఉన్నంతసేపు "ఆ" అనాలి. పై మెట్లు నావి.

"పొలంల ఉన్న మా అన్నను బువ్వకు పిలిచినట్టు అను" అన్నాడు. అట్లాగే అన్నాను. తలుపు దగ్గర నిలబడ్డ నా మొగుడు "వస్తున్ననే, వస్తున్న" అన్నాడు. అందరం ఒకటే నవ్వు. ఆ ముక్క పాడై మళ్లీ పాడాల్సి వచ్చింది.

ఆ పెట్టెతో మా మరిది హుజూరాబాద్ నుంచి ఆదిలాబాద్ దాకా పెళ్లిళ్లలో వాయించాడు. కరెంటు తగ్గితే టేపు నెమ్మదించి మా గొంతులన్నీ వాలిపోయేవి. అప్పుడు మైకు అందుకొని, "జర మీ బాయికాడి మోటర్లు బందు చేయిండ్రి, మా ఆడోళ్లకు నీరసమొచ్చింది" అనేవాడు. పందిరంతా నవ్వేది.

తర్వాత నా మొగుడు పోయాడు. ఏడాది తిరిగాక ఒక పెళ్లిలో, పెళ్లికూతురి మేనత్త వచ్చి పెట్టె ముందు నిలబడింది.

"మొగడు లేనామె గొంతు పెండ్లి పందిట్ల ఎట్ల మోగిస్తున్నవయ్యా?"

"గొంతు పట్టిననాడు మా అన్న పక్కనే ఉండి నవ్విండు. పెట్టెల మా వదినె మెడల పుస్తెలున్నయి. ఫికర్ జేయకు."

ఆమె ఒప్పుకోలేదు. సంగతి నా దాకా వచ్చింది. నా నోటికి గల్లీ గల్లీ భయపడుతుంది. ఆ నోరు ఆ మేనత్త మీదికి పోవాల్సింది. మా మరిది మీదికి పోయింది.

"నా గొంతు తాకి ఏ పిల్ల సంసారమన్న ఆగమైతే గా పాపం ఎవలు మోస్తరు? పెండ్లిల నా మెట్లు ముడితె నా మీద ఒట్టే!"

"నీ గొంతు ఏం పాపం చేసింది వదినే?" అన్నాడు. నేను లోపలికి పోయి తలుపేసుకున్నాను.

ఆయన ఒట్టు దాటలేదు. పాట పైకి ఎక్కే చోట వేలు గాలిలో ఆగేది. పెట్టె చెడిపోయిందనుకొని జనం పిలవడం తగ్గించారు. అప్పుడే ఆయన కొడుకు దుబాయి నుంచి చంకలో పట్టేంత కీబోర్డు తెచ్చాడు. "గిండ్ల ఆడోళ్ల గొంతు గూడ ఉన్నది బాపూ, మీట నొక్కితె సాలు" అన్నాడు. నిజంగానే ఉంది. కరెంటు తగ్గినా వాలదు, పత్తి నూగు పట్టదు. అందరికంటే ముందు మెచ్చింది నేనే. దానిలో ముత్తైదువ లేదు, విధవ లేదు, ఎవరి నోటా మాట పడదు అనుకున్నాను.

మా మరిది ఆ కీబోర్డు మెట్టు ఒకదాని మీద వేలుపెట్టి ఉంచి, రెండో చేత్తో చాయ తాగాడు. కప్పు ఖాళీ అయింది, గొంతు ఆగలేదు.

"ఊపిరి తీసుకోకుంట గింతసేపు ఎవలన్న పాడుతరా వదినే? గిది పాట గాదు, మిల్లు సైరను."

అప్పుడు నవ్వాను. ఇప్పుడు అర్థమవుతున్నది. కొత్తదానిలో కింది నుంచి పైదాకా ఒక్కతే మనిషి, ఆమె ఎవరో ఎవరికీ తెలియదు. పాతదానిలో మెట్టు మెట్టుకూ మనిషి మారుతుంది. ఒకామె చివర దగ్గుతుంది. ఇంకొకామె స్వరం ఒక పక్కకు ఒరుగుతుంది. ఊపిరి అయిపోతుంటే అది వినే మనకు తెలుస్తుంది.

పొద్దుగూకే వేళ ఆయన పాత పెట్టె వెనక పలక తీసి, టేపుల మీది నూగును కోడి ఈకతో దులిపేవాడు. వాయించని నా ముక్కలను కూడా దులిపేవాడు. నేను గోడ మీది నుంచి చూసేదాన్ని. "వాయించు మరిదీ" అంటే ఒట్టు తెగిపోయేది. ఇన్నేళ్లలో ఆ ఒక్క మాట నా నోట రాలేదు. ఆయనా అడగలేదు. అడిగితే నన్ను నొప్పించినట్టవుతుందని అనుకున్నాడేమో.

నిన్న పోయి పెట్టె ముందు కూర్చున్నాను. "గది ఇంక పలుకది పెద్దమ్మా" అన్నాడు మరిది కొడుకు. "నువ్వు కరెంటు పెట్టురా, పలుకుతదో లేదో నేను జూస్త" అన్నాను. పై మెట్టు నొక్కాను. ఎవరూ ముట్టక అరగని టేపు. నా పడుచు గొంతు ఇల్లంతా నిండింది. మరిది చిన్న కూతురు గుమ్మంలోనే ఆగిపోయింది. తండ్రి సంవత్సరీకం అయ్యాక ఆ పిల్ల పెళ్లి చేయాలి.

"నా పెండ్లిల గిదే మోగాలె పెద్దమ్మా. కింది నుంచి పైదాకా."

"మంది ఏమంటరో..." అన్నాడు ఆ పిల్ల అన్న.

"అనేటోళ్లను నా కాడికి తోలు" అన్నాను.

ఇదీ నా మాట. పెట్టె ఇల్లు దాటొద్దు. ఒట్టు నేను తీసేశాను. తీయాల్సిన నాడు తీయలేదు.

పిల్ల అడిగితే అదే మెట్టు మళ్లీ నొక్కాను. ఈసారి గొంతు కింద ఇంకో చప్పుడు వినబడింది, సన్నగా, గలగలా. "గదేంది పెద్దమ్మా?" అంది. ఆనాడు పాడుతూ చెయ్యి చెవి దగ్గర పెట్టుకున్నాను, అవి నా గాజులు. ముక్క అయిపోయేదాకా అవి మోగుతూనే ఉన్నాయి, మెట్టు మీద నా బోడి చెయ్యి ఉండగానే.

రాజవ్వ ఎడమచేతి వేలిముద్ర.
చూసినవారు: మరిది కొడుకు సంపత్, మరిది చిన్న కూతురు సరిత.
రాసింది: కోడలు విజయ.