మేలి వదిన మట్టి కూజా, తిరుత్తణిలో ఒక మధ్యాహ్నం

తిరువళ్లూరుకు నేను మొదటిసారి వెళ్లింది టీ తాగడానికి. డెబ్బైల చివర్లో మద్రాసులో ఒక ఓడల ఏజెంటు ఆఫీసులో గుమాస్తాగా ఉండేవాణ్ణి. నా పక్క సీట్లో మునిరత్నం అన్న కూర్చునేవాడు. వాళ్లది తిరుత్తణి వైపు తెలుగు రైతు కుటుంబం. అన్న చిన్న వయసులోనే రంగూన్ వెళ్లి బియ్యం మిల్లులో పని చేశాడు. అక్కడ చైనా వీధిలో టీ కొట్టు నడిపే ఆయన కూతుర్ని పెళ్లి చేసుకున్నాడు. అరవైల్లో బర్మాలోని మనవాళ్లు దేశం వదిలి వచ్చేయాల్సి వచ్చినప్పుడు ఆమెను వెంటబెట్టుకుని ఓడ ఎక్కాడు. నేను క్యాంటీన్ టీ ఆస్వాదిస్తుంటే ఒకరోజు నవ్వి, "అది టీ కాదబ్బయ్యా, పాలూ చక్కెరా. ఆదివారం మా ఇంటికి రా. మా ఇంటామె పోసిన టీ తాగినాక మాట్లాడు" అన్నాడు.

సెంట్రల్ నుంచి అరక్కోణం వైపు పోయే లోకల్ ఎక్కాను. ఆవడి దాటాక జనం పలచబడి కిటికీ పక్కన చోటు దొరికింది. తిరువళ్లూరులో దిగి, వీరరాఘవస్వామి గుడి వీధి వైపు నడుచుకుంటూ వెళితే చాలు, రిక్షా అక్కర్లేదు. గుడి వెనక సందులో అన్న ఇల్లు. తలుపు తీసిన ఆమె చీర కట్టు, బొట్టు, మాట అన్నీ మన వాళ్లవే. "ఎండన పడి వచ్చినావు, కూర్చో అబ్బయ్యా" అంది. అసలు పేరు నా నోట సరిగ్గా పలకలేదు. అందరూ మేలి అంటారని అన్న చెప్పాడు. నేను వదినా అన్నాను.

చాప మీద మూడు పాత్రలు పెట్టింది. ఒక స్టీలు గ్లాసు, మూత ఉన్న పింగాణీ కప్పు, బత్తాయి పండంత మట్టి కూజా. కూజా వక్కపొడి రంగులో, లోపలా బయటా ఏ పూతా లేకుండా ఉంది. ఆకు మాత్రం ఒక్కటే. మద్రాసులో బర్మా నుంచి వచ్చినవాళ్ల బజారులో దొరికిందట. నల్లగా, ఉండలు చుట్టుకుని మిరియాల్లా ఉంది. కుంపటి మీద కెటిల్‌లో నీళ్లు మరుగుతున్నాయి. ఇంటి బోరు నీళ్లు ఉప్పగా ఉంటాయని రెండు వీధుల అవతలి బావి నుంచి తెచ్చుకుంటుందట.

మూడింటిలోనూ ఆకు వేసి నీళ్లు పోసింది. మొదటి నీళ్లు వెంటనే పారబోసింది. దుమ్ము పోవడానికీ, ముడుచుకున్న ఆకు నిద్ర లేవడానికీ అంది. రెండోసారి పోసి, కాసేపటికే వేరే గిన్నెల్లోకి వంచి ఇచ్చింది. స్టీలు గ్లాసుకు మూత లేదు కాబట్టి వాసనంతా గాలికి పోయింది, నాలుక మీద ఒట్టి వగరు మిగిలింది. పింగాణీ కప్పు మూత ఎత్తి ముక్కు దగ్గర పెట్టింది. ఏదో పూల తోటలోకి తల పెట్టినట్టు అయింది. తాగితే అదే పరిమళం, చివర్లో కొంచెం పదును. చివరగా మట్టి కూజాలోది తాగాను. పదును పోయింది, పూల వాసన లోపలికి దిగి వేయించిన గింజల కమ్మదనం పైకి వచ్చింది. మింగిన చాలాసేపటికి గొంతులో తీపి ఊరింది. చక్కెర గింజ వేయలేదు.

"ఒకే ఆకేనా వదినా?" అని అడిగాను, నమ్మలేక.

"ఒకటే. పింగాణీ ఆకు ఎట్లుంటే అట్లే చెప్తాది. మట్టి కొంచెం వగరు తాను తాగేసి మనకు ఇస్తాది. వేడి కూడా దాచిపెట్టుకుంటాది. అందుకే దీన్ని సబ్బుతో కడగను. ఇన్నేళ్లు తాగింది దాని ఒంట్లోనే ఉంది" అంది. మళ్లీ పోస్తే మూడో రుచి, ఇంకోసారి పోస్తే ఇంకో రుచి. అదే చిటికెడు ఆకు, ప్రతిసారీ కొత్త మనిషిలా పలకరించింది.

అప్పుడే మునిరత్నం అన్న వాళ్ల పెద్దన్న గుమ్మంలోకి వచ్చాడు. తిరుత్తణి నుంచి పొద్దున్నే బయల్దేరాడట. "అమ్మకు జ్వరం తగ్గింది గానీ నోరు చేదెక్కిపోయిందిరా. గంజి కూడా తుపుక్కున ఊసేస్తా ఉంది. రేపు కూడా ఇట్లే ఉంటే ఆస్పత్రిలో చేర్చమన్నాడు డాక్టరు" అన్నాడు. అన్న చొక్కా వేసుకున్నాడు. వదిన కూజాలోని ఆకు పారబోసింది. కూజాను పాత గుడ్డలో చుట్టి, ఆకు డబ్బాతో సహా సంచిలో పెట్టుకుంది. నన్నూ రమ్మన్నాడు అన్న.

తిరువళ్లూరు నుంచి తిరుత్తణికి రైలైతే అరక్కోణంలో మారాలి. మేము బస్సే ఎక్కాము. కనకమ్మసత్రం మీదుగా పోయే ఆ దారి మంచిది. రోడ్డుకు రెండు పక్కలా వేరుశనగ చేలు, దూరంగా కొండలు. నా పక్కన కూర్చున్న అన్న మెల్లగా చెప్పాడు. రంగూన్ నుంచి వచ్చి పదిహేనేళ్లు కావస్తున్నా వాళ్లమ్మ కోడలి చేతి నీళ్లు తాగలేదు. ఆమెతో నేరుగా మాట్లాడలేదు కూడా. ఏదైనా చెప్పాలంటే 'ఆమెకు చెప్పు' అని ఎవరితోనో అనేది. "మేలి ఒక్క రోజు కూడా నాతో గొడవ పడలేదబ్బయ్యా. అదే నాకు కష్టంగా ఉంటాది" అన్నాడు.

తిరుత్తణిలో కొండ కింది వీధిలో ఇల్లు. అవ్వ, అంటే అన్న వాళ్లమ్మ, గోడ వైపు తిరిగి పడుకుని ఉంది. పెద్ద కోడలు, మంచి మనిషి, వదిన దగ్గర ఆకు తీసుకుని అలవాటు ప్రకారం గిన్నెలో వేసి కళపెళా మరిగించి గ్లాసులో తెచ్చింది. అవ్వ ఒక గుక్క పుచ్చుకుని ఊసేసింది. "కషాయం! చంపతారా నన్ను?" అంది.

వదిన గదిలోకి వెళ్లలేదు. బయట వసారాలో కుంపటి అడిగి తెప్పించుకుంది. మంచినీళ్ల బావి నీళ్లు పొంగే దాకా కాచి, ముందు ఖాళీ కూజాలో పోసి తిప్పి పారబోసింది. వెచ్చబడ్డ కూజాలో ఆకు వేసి మూత పెట్టి, ఒకసారి కదిపి, మూత తీసింది. నీళ్లు ఇంకా పోయనే లేదు. ఆ వేడికే ఆకు వాసన వసారా అంతా నిండి లోపలికి పోయింది.

"ఏందిరా ఆ వాసన?" లోపలి నుంచి అవ్వ గొంతు.

వదిన నీళ్లు పోసి వంచి ఇస్తే అన్న చిన్న కప్పులో తీసుకెళ్లాడు. నేను గుమ్మం దగ్గర నిలబడి చూశాను. అవ్వ వాసన చూసింది, పెదవి తడిపింది, ఆగింది. ఊసేస్తుందనే అనుకున్నాను. కప్పు మొత్తం తాగింది. కప్పు దించి, "చేదు పోయిందిరా నోట్లో" అంది. అన్న ఇంకో కప్పు కోసం లేవబోతే చెయ్యి పట్టుకుని ఆపింది.

"నువ్వు కూర్చో. పోసేది ఆమే కదా, తెచ్చేది కూడా ఆమే తేగూడదా?"

వదిన కప్పుతో వచ్చి మంచం పక్కన నేల మీద కూర్చుంది. అవ్వ తాగి, ఖాళీ కప్పు ఆమె చేతిలోనే పెట్టి, ముఖంలోకి చూసింది.

"యాడ నేర్చినావే ఇది?"

"మా నాయన దగ్గర అత్తా."

"ఉండాడా మీ నాయన?"

"లేడత్తా. నేను ఈడికి వచ్చేసినాక పోయినాడు. చూడలేకపోయినా."

అవ్వ చెయ్యి చాచింది. వదిన మణికట్టు పట్టుకుని తన దగ్గరికి లాక్కుంది. అంతవరకు చెక్కు చెదరని మనిషి అత్త దుప్పటిలో ముఖం పెట్టుకుని ఏడ్చింది. పెద్ద కోడలు గంజి తెచ్చింది. అవ్వ సగం గిన్నె తాగింది, అదీ చిన్న కోడలు పట్టిస్తేనే. ఆస్పత్రి అవసరం రాలేదు.

సాయంత్రం నేనొక్కణ్ణే కొండ ఎక్కి సుబ్రహ్మణ్యస్వామిని చూసి వచ్చాను. పైనుంచి ఊరు, చెరువులు, రైలు పట్టాలు అన్నీ ఎర్రటి వెలుగులో కనిపించాయి. గుప్పెడు మట్టి, వేడి నీళ్లు, ఎక్కడో చైనా కొండల మీద మొలిచిన ఆకు. వాటిని కలిపేది చెయ్యి. ఆకును ఎంతసేపు ఉంచాలి, ఎప్పుడు వంచాలి అన్నది ఆ చేతికే తెలుసు. మరిగించిన గిన్నెలో విషమైంది, కూజాలో అమృతమైంది. ఆ తర్వాత చాలా ఊళ్లు తిరిగాను, ఖరీదైన టీలు తాగాను. ఒక రుచి ఇంత పని చేయడం మళ్లీ చూడలేదు.

ఇలాంటి టీ తాగడానికి మీరు ఆ వైపు ఎవరింటికైనా వెళ్లేటప్పుడు ఒక్కటి గుర్తుంచుకోండి. తిరుత్తణి బస్టాండులో దిగగానే తమలపాకులు కనిపిస్తాయి. అవి నమిలి వెళ్లకండి. సున్నం అంటిన నాలుకకు ఎంత మంచి టీ ఆకైనా వేడి నీళ్లే.