వాసన లేని ఎర

స్టేషన్ ఘన్‌పూర్ దగ్గర పత్తి వేసిన ఒకామె ఫోన్ చేసి, విలేకరినని నన్ను చేనుకు పిలిపించింది. నిరుడు ఆమె పంటను గులాబీ పురుగు తినేసింది. ఈసారి దాన్ని ముందే పసిగట్టడానికి కట్టిన, మగపురుగులను రప్పించి పట్టే లింగాకర్షక బుట్టల్లో ఎరలు నకిలీవని ఆమె అనుమానం. ఎరలన్నీ విప్పేసింది.

"జర వాసన చూడున్రి సారూ, ఏమన్న వస్తాందా?" అంటూ రబ్బరు ముక్కలాంటి ఎరను చేతికిచ్చింది. ఏ వాసనా లేదు. మా వైపు విత్తనమైనా మందైనా ముందు నకిలీ అనుకోవడం అలవాటు. నేనూ మనసులో 'నకిలీ ఎరలు' అని శీర్షిక పెట్టేసుకున్నాను.

రాసేముందు పురుగుల శాస్త్రవేత్త ఒకాయనను అడిగాను. నవ్వాడు.

"అది ఆడపురుగు వాసన. మగపురుగు మీసాల్లో ఒక ప్రొటీన్ ఉంటది. ఆ వాసనను పట్టి నరం దాకా మోస్తది. మీకు మీసాలున్నయి గాని ఆ ప్రొటీన్ లేదు కద సార్!"

ఆ మాట ఆమెకు చెప్పి ఎరలు మళ్లీ కట్టించాను. నాలుగో రోజు పొద్దున్నే ఆమె ఫోన్.

"బుట్టలల్ల పురుగులు పడ్డయి సారూ. ఇయ్యాల్నే మందు కొడుతాన. మన ముక్కుల్ని నమ్ముకుంటే ఈసారి గూడ పత్తి పోతుండె."

నా శీర్షిక కొట్టేసి, మందు ఎప్పుడు కొట్టాలో బుట్టే చెబుతుందని రాశాను.