నల్ల కారు మీద తెల్ల మచ్చలు

నా చిన్నప్పుడు బాపు చేతిలో నేను తిన్న దెబ్బల్లో సగం ఒక కారు వల్లనే. ఆ కారు మాది కూడా కాదు, మెహదీపట్నం సేటుది. బాపు దాన్ని కిరాయిలకు నడిపి, రాత్రి మొయినాబాద్‌లో మా ఇంటి ముందర నిలిపేవాడు. నల్ల కారు. నల్లదాని మీద ఏది పడినా కనబడుతుంది. అక్షరాలు నాకు నలభై దాటినాక వచ్చాయి, మెలికలు తిప్పి రాయడం చేతకాదు. ఉన్నది రాస్తాను. మా బాపు కొట్టే మనిషి. సేటు దగ్గర తిన్న తిట్లన్నీ ఇంటికి తెచ్చి మా ఒంటి మీద దించేవాడు.

కారు కడగడం నా పని. మా బోరింగు నీళ్లు సౌడు నీళ్లు. ఆ నీళ్లతో పప్పు కూడా ఉడికేది కాదు. కారు మీద అవి ఎండితే చుక్క ఉన్న చోటల్లా సున్నం బొట్టు పెట్టినట్టు తెల్ల మచ్చ మిగిలేది. ఎందుకు మిగులుతుందో నాకు తెలియదు, బాపుకూ తెలియదు. నేను ఒళ్లు వంచి కడగలేదనే ఆయన అనుకునేవాడు.

ఆ రోజు చేవెళ్లలో పెళ్లి. పెళ్లికొడుకు ఆ కారులోనే ఊరేగాలి. ఇంకోసారి మచ్చలు కనబడితే తాళంచెవి వేరేవాడికి ఇస్తానని సేటు అంతకుముందే చెప్పాడు. కారు పోతే మా ఇంట్లో పొయ్యి వెలగదు. అది నాకూ తెలుసు. అందుకే పొద్దున్నే ఎప్పటికంటే ఎక్కువ నీళ్లు పోసి, రుద్ది రుద్ది కడిగాను. తళతళలాడుతుంటే మురిసిపోయి, ఎండకు ఆరడానికి వదిలి జొన్న గటక తాగడానికి లోపలికి పోయాను.

తిరిగి వచ్చేసరికి బాపు కారు ముందర నిలబడి ఉన్నాడు. బానెట్ అంతా అమ్మవారు పోసిన మొహంలా ఉంది. బాపు బెల్టు ఊడదీశాడు.

మొదటి దెబ్బ వీపు మీద పడింది. రెండోదానికి బెల్టు కొసనున్న ఇత్తడి బిళ్ల మోచేతికి తగిలి తోలు లేచింది. నేను కారు కింద దూరితే కాలు పట్టి బయటికి గుంజాడు. అడ్డం వచ్చిన అమ్మను గోడకేసి నెట్టాడు. అమ్మ తల గోడకు కొట్టుకున్న చప్పుడు నాకు ఇప్పటికీ వినబడుతుంది. చుట్టుపక్కల గోడల మీద తలలు లేచాయి. మా వాడలో ఎవరూ దగ్గరికి రారు. "ఇప్పుడు కోపంల ఉన్నడు, రేపు పొద్దుగాల చెప్తం తియ్యి" అనుకొని దిగిపోతారు. ఎన్ని పొద్దులు తెల్లారినా ఎవరూ వచ్చి చెప్పలేదు.

వచ్చింది పక్కింటి అక్క ఒక్కతే. చర్చికి పోయే ఇంటి పిల్ల, చేవెళ్ల దవాఖానలో గాజు సీసాలు, సూదులు కడిగే పని. పనికి బయలుదేరినది, టిఫిను డబ్బా మా గడప దగ్గర పెట్టి వచ్చి నాకూ బాపుకూ నడుమ నిలబడింది.

"కాకా, పిల్లను కొడితే మచ్చ పోతదా?"

"నడుమ రాకు, పో."

"వచ్చిన గద."

బాపు చెయ్యి ఆగలేదు. ఇత్తడి బిళ్ల అక్క పెదవిని చీల్చింది. అక్క బానెట్ మీదికి తూలింది. నల్ల రేకు మీద నెత్తురు చుక్కలు టపటపా రాలాయి.

అక్క మూతి పట్టుకోలేదు. బకెట్లో గుడ్డ పిండి, ముందుగా బానెట్ తుడిచింది. బాపు దిక్కు చూడనే లేదు, నాతో అంది. "చూస్తున్నవా బిడ్డ? ఆరకముందే తుడువాలె. ఆరినంక పట్టుకుంటది."

తర్వాత బాపుతో, "కారు నీడకు తియ్యి కాకా. రేకు కాలుతున్నది" అంది. అమ్మను నిమ్మకాయలు అడిగింది. బాపు బెల్టు మెడలో వేసుకొని కారు చెట్టు కిందికి తీశాడు. ఎందుకు విన్నాడో నాకు తెలియదు.

రేకు చల్లబడినాక నిమ్మరసం నీళ్లలో గుడ్డ ముంచి మచ్చల మీద పరిచింది. కాసేపు నాననిచ్చి మెల్లగా తుడిచింది. దవాఖానలో సీసాలకు పట్టిన తెల్లపొర కూడా పులుపుకే వదులుతుందట. కానీ ఎక్కువసేపు ఉంచితే రంగును తింటుందని వెంటనే నీళ్లు పోయించింది. పై నుంచి కిందికి కొంచెం కొంచెం కడగడం, ఆ భాగం ఆరకముందే పొడి గుడ్డతో అద్దడం, ఆ తర్వాతే ముందుకు పోవడం. చివరి బకెట్ మా డ్రమ్ములో పట్టిన వాన నీళ్లు. సగం పని అయ్యేసరికి రెండో గుడ్డ బాపు చేతిలో ఉంది.

కారు అద్దంలా అయింది. బాపు అప్పుడు అక్క మొహం చూశాడు. "మూతి కడుక్కో బిడ్డ" అన్నాడు.

"ఇది ఆరిపోయింది కాకా" అని టిఫిను డబ్బా తీసుకొని బస్సుకు పోయింది.

కారు పెళ్లికి పోయింది. సేటు తాళంచెవి అడగలేదు. బాపు ఆ తర్వాత కొట్టలేదని రాస్తే అబద్ధం. కొట్టాడు. కానీ కారు కోసం కొట్టలేదు, బెల్టు ముట్టలేదు. పొద్దున్నే కారును నీడకు తీసి, పొడి గుడ్డ భుజాన వేసుకొని నా కోసం చూసేవాడు.

అక్క పోయి చాలా ఏళ్లయింది. శవపెట్టెలో పడుకోబెట్టినప్పుడు కూడా పై పెదవి మీద ఆ గీత కనబడింది.

ఇప్పుడు మా కొడుకుకు కారు ఉంది. కనకమామిడి ఊరికి పోయే తొవ్వలో వాటర్ వాష్ పిల్లలు ఎండలో కడిగి వదిలేస్తుంటే దిగి తిడతాను, ముసలమ్మకు పని లేదని నవ్వుతారు. నవ్వనీ. మొన్నొకరోజు అన్నం తింటుంటే కొడుకు కోడలి మీద చెయ్యి లేపాడు. నేను ఎంగిలి చేత్తోనే ఆ చెయ్యి పట్టుకున్నాను. "అమ్మా, రేపు మాట్లాడుదాం, ఇప్పుడు ఇడువు" అన్నాడు. వాడు కూర్చొని ఆమె మొహం చూసేదాకా విడువలేదు. నా చేతి మీది మెతుకులు ఎండి పట్టుకున్నాయి. వాటిని తర్వాత గీకి కడుక్కున్నాను.