వాన రిజిస్టరులో పుట్టినరోజు

మా అక్క కూతురు పుట్టిన రోజు మా ఊళ్ళో వాన పడింది. ఈ మాట ఇంకెక్కడైనా చెబితే ఎవరూ పట్టించుకోరు. ఉరవకొండ చుట్టుపక్కల చెబితే మాత్రం ఎదుటి మనిషి కాసేపు ఆలోచించి, "ఆ యేటి వానేనా? మేము ఆ మరుసటి పొద్దే విత్తినాం" అంటాడు.

ఆ ఏడు జూన్ అంతా ఆకాశం వైపు చూడడంతోనే సరిపోయింది. జూలైలో కూడా మబ్బులు రావడం, గాలికి కొట్టుకుపోవడం తప్ప చినుకు లేదు. మా అక్క అనంతపురంలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో నర్సు. కాన్పుకు మా ఇంటికి వచ్చింది. నొప్పులు మొదలైతే జీపులో తను పనిచేసే ఆసుపత్రికే పోవాలని అంతా మాట్లాడుకున్నాం. నొప్పులు జూలై చివర్లో ఒక మధ్యాహ్నం మొదలయ్యాయి. సరిగ్గా అదే మధ్యాహ్నం వాన కూడా మొదలైంది. ఊరి బయట వంక, నేను పుట్టినప్పటి నుంచి ఇసుకే తప్ప నీళ్ళు చూడని వంక, రెండు గట్లూ ఒరుసుకుంటూ పారింది. జీపు అటువైపే ఆగిపోయింది. దీపాలు పెట్టే వేళకు మా వీధి మంత్రసాని చేతుల్లో బిడ్డ పుట్టింది.

మరుసటి రోజు ఊళ్ళో మనిషన్నవాడు లేడు. పదను ఆరకముందే వేరుశనగ విత్తాలని గొర్రులు, ఎద్దులు, పిల్లలు, ముసలివాళ్ళు అందరూ పొలాల్లోనే ఉన్నారు. పుట్టుకలు, చావులు రాసుకోవలసిన పంచాయతీ మనిషి కూడా తన చేలోనే ఉన్నాడు. మా అక్క ఎందరి పిల్లలకో పుట్టిన కాగితాలు దగ్గరుండి రాయించిన మనిషి. తన బిడ్డది మేము రాయించి ఉంటామనుకుంది. ఆమె నర్సు కదా, ఆమే రాయించుకుని ఉంటుందని మేమనుకున్నాం. ఇలా బిడ్డ పుట్టినట్టు ప్రభుత్వానికి మూడేళ్ళ దాకా తెలియలేదు.

పాపకు పద్నాలుగు నెలలప్పుడు మా అక్కకు కువైట్‌లో ఒక ఆసుపత్రిలో ఉద్యోగం వచ్చింది. మా బావ అప్పటికే అక్కడ డ్రైవరు. ఇద్దరూ అక్కడ వేరు వేరు గదుల్లో పదేసి మందితో కలిసి ఉండేవాళ్ళు. అక్కడ బిడ్డను పెట్టుకునే చోటు లేదు. అందుకని పాప నా దగ్గర ఉండిపోయింది. నేను అప్పుడు మా ఊరి బడిలో విద్యా వాలంటీరుని. ఇరవై ఆరేళ్ళు, పెళ్ళి మాటెత్తిన వాళ్ళ మీద కసురుకునే వయసు. పాప నా పక్కలోనే పడుకునేది, నా వెంటే బడికొచ్చేది, నల్లబల్ల కింద కూర్చుని సుద్దముక్కలు తినేది. నన్ను "చిన్నమ్మా" అనేది. ప్రతి శుక్రవారం బస్టాండు దగ్గర ఎస్టీడీ బూత్‌కు అక్క ఫోన్ చేసేది. అందుకని పాపకు అమ్మంటే ఆ ఫోనులో ఉండే గొంతు. ఆమెను "ఫోనమ్మ" అనేది. ఈ మాట అక్కకు చెప్పొద్దని మా అమ్మ నాతో ఒట్టు వేయించుకుంది. ఒక శుక్రవారం పాపే చెప్పేసింది.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో అక్క దగ్గరి నుంచి ఉత్తరం వచ్చింది. ఆసుపత్రి వాళ్ళు ఇద్దరికీ కలిపి ఇల్లు ఇచ్చారు. బిడ్డను తెచ్చుకోవడానికి అనుమతి దొరికింది. అయితే మూడు నెలల్లో పాప అక్కడ దిగాలి, దిగగానే అకామా కొట్టించాలి. అకామా అంటే అక్కడ ఉండనిచ్చే కాగితం. మూడు నెలలు దాటితే ఈ అనుమతి చెల్లదు, మళ్ళీ ఎప్పుడిస్తారో తెలియదు. కావలసిన కాగితాల పట్టీ కూడా రాసింది. అందులో మొదటిది పుట్టిన సర్టిఫికెట్. అది ఉంటేనే పాస్‌పోర్టు, పాస్‌పోర్టు ఉంటేనే మిగతావి. అక్క అక్కడి దరఖాస్తులో పాప పుట్టిన తేదీ అప్పటికే రాసి ఇచ్చేసింది. వాన పడిన రోజు తేదీ.

కాగితాల పని అంటే నాకు భయం లేదు. ఊళ్ళో ఎవరికి రేషన్ కార్డు కావాలన్నా, పింఛను కావాలన్నా రాసిపెట్టేది నేనే. నా చేతిరాత గుండ్రంగా ఉంటుందని నాకు కొంచెం పొగరు కూడా. అఫిడవిట్ రాయించుకుని, మంత్రసాని వేలిముద్ర వేయించుకుని, పాపను చంకనెత్తుకుని మండలాఫీసుకు పోయాను. ఏడాది దాటిన పుట్టుక కాబట్టి ఎమ్మార్వో విచారించి రాస్తే, ఆర్డీవో ఉత్తర్వు ఇవ్వాలి.

అక్కడి గుమాస్తా నా కాగితాలన్నీ చదివాడు. చదివి, మా ఊరి అంగన్‌వాడీ నుంచి తెప్పించి పెట్టుకున్న పిల్లల వివరాల పుస్తకం తీశాడు.

"ఏమ్మా, నువ్వేమో జూలై ఆఖరని రాసినావు. దీంట్లో జూన్ ఒకటని ఉండాది. ఏది నిజం?"

చూస్తే అది నా చేతిరాతే. అంగన్‌వాడీ టీచరుకు సాయంగా ఆ పట్టిక నేనే నింపాను. చాలామంది తల్లులకు తేదీలు తెలియవు, బళ్ళో చేర్చేటప్పుడు ఎలాగూ జూన్ ఒకటే రాస్తారని మొదటి పిల్లాడికి ఆ తేదీ రాసి, కిందికి వరసగా డిట్టోలు పెట్టుకుంటూ పోయాను. ఆ వరసలో మా పాప కూడా ఉంది. పుట్టినప్పుడు వేడినీళ్ళు కాచి అందించింది నేను. ఆ తేదీ నాకంటే బాగా తెలిసినవాళ్ళు లేరు. అయినా గుండ్రంగా, శ్రద్ధగా డిట్టో పెట్టాను.

"మీ ఊర్లో పిల్లకాయలంతా ఒకే దినం పుట్టినారా?" అన్నాడు గుమాస్తా. "అందర్నీ కనింది ఒకే తల్లా ఏందమ్మా?"

పక్కనున్నవాళ్ళు నవ్వారు. రెండు తేదీలున్నప్పుడు పై అధికారికి పంపడం కుదరదని, జూన్ ఒకటే ఖాయం చేసుకుంటే పని సులువని ఆయన సలహా ఇచ్చాడు. అట్లా చేస్తే అక్క అక్కడ రాసిన తేదీతో కలవదు. కలవకపోతే అనుమతి పోతుంది.

ఇక్కడొక నిజం చెప్పాలి. ఇన్నేళ్ళలో అక్కకు కూడా చెప్పలేదు. గుమాస్తా కుదరదన్నప్పుడు నాకు లోపల ఎక్కడో హాయిగా అనిపించింది. పాప నా భుజం మీద తల ఆనించి నిద్రపోతోంది. ఈ కాగితం కాకపోతే ఇది ఇట్లాగే ఉండిపోతుంది కదా అనుకున్నాను. అనుకున్న మరుక్షణం నా మీద నాకు అసహ్యం వేసింది. ఆ అసహ్యం నా మీద చూపించుకోలేక గుమాస్తా మీద చూపించాను. ఆఫీసంతా వినబడేలా అరిచాను.

"తల్లి ఆడ, బిడ్డ ఈడ. రెండేండ్లాయ. మీకేమప్పా, డిట్టో చూసుకుంటా కూసుంటారు. ఆ పొద్దు వంక పారకపోతే ఈ బిడ్డ ఆసుపత్రిలోనే పుట్టేది, కాయితం ఆడనే వచ్చేది. వంక పారిందానికి సాక్షి యాడ తేవల్ల నేను?"

పాప లేచి ఏడ్వడం మొదలుపెట్టింది. అప్పుడు లోపలి గదిలో నుంచి ఒక అటెండరు టీ గ్లాసు చేత్తో పట్టుకుని బయటికొచ్చాడు. తెల్ల గడ్డం, మోకాళ్ళ నొప్పి ఉన్న నడక.

"ఏ వాన గురించి చెప్తాండావు పాపా?" అన్నాడు నాతో.

ఏ ఏడో, ఏ నెలో చెప్పాను.

"ఆ నెల్లో మనకు పడింది ఒక్కే వాన" అన్నాడాయన. గ్లాసు కిటికీలో పెట్టి, బీరువా వైపు నడిచాడు.

మండలాఫీసు వెనక ఖాళీ జాగాలో వాన కొలిచే డబ్బా ఒకటి ఉంటుంది. చుట్టూ ముళ్ళ తీగ. రోజూ పొద్దున ఎనిమిదిన్నరకు దాంట్లోని నీళ్ళు గీతలున్న గాజు గ్లాసులో పోసి చూసి రిజిస్టరులో రాయడం ఆయన పని. నీళ్ళు లేకపోతే సున్నా రాయాలి. మా వైపు ఆయన చేసే పనంతా సున్నాలు రాయడమే. అయినా ఒక్క పొద్దు కూడా మానలేదట. దుమ్ము దులిపి ఆ ఏటి రిజిస్టరు తెరిచాడు. జూన్ పేజీ నిండా సున్నాలు. జూలై పేజీలో కూడా పై నుంచి కిందికి సున్నాలే. చివర్లో ఒక్కచోట మాత్రం అంకె ఉంది, పక్కన ఆయన పొడి సంతకం ఉంది. ఆ అంకెను వేలితో తడిమాను. ఆ పేజీలో పాప పేరు లేదు గానీ, నాకు మాత్రం అది పాప గురించి రాసినట్టే కనిపించింది.

గుమాస్తా కళ్ళజోడు సవరించుకున్నాడు. "ఈయమ్మ చెప్పిన తేదీ ఇది కాదే. ఇది ఒక దినం తర్వాతది."

అఫిడవిట్‌లో రాయించిన తేదీ మళ్ళీ చూసుకున్నాను. అటెండరు మాత్రం తొణకలేదు.

"మన లెక్క ఎనిమిదిన్నరకు గదన్నా. ముందుదినం మధ్యాన్నం పడినా, రాత్రి పడినా, పొద్దున్నే కొలిచి ఆ పొద్దు తేదీ కిందనే రాయల్ల. అంటే పడింది ముందు దినం. ఈ బిడ్డ పుట్టింది ముందు దినమే. ఈయమ్మ చెప్పింది సరిగ్గానే ఉండాది."

ఈ గొడవంతా విని ఎమ్మార్వో లోపలికి పిలిచాడు. ఆయన సేద్యగాళ్ళ ఇంటివాడేనని మాట తీరులోనే తెలిసింది. రిజిస్టరు చూసి, "ఈ ఆఫీసులో ఏ పుస్తకమైనా తప్పు ఉండొచ్చు గానీ ఇది ఉండదు. కరువు సాయం దీన్ని చూసే ఇస్తారు. దీంట్లో సున్నా తిప్పితే ఊర్లోళ్ళు మమ్మల్ని బతకనియ్యరు" అన్నాడు. అయితే ఆఫీసు దగ్గర పడిన వాన మా ఊళ్ళో పడాలని లేదు కాబట్టి, ఊళ్ళో విచారించమని రెవెన్యూ ఇన్‌స్పెక్టరుకు రాశాడు.

ఆ ఇన్‌స్పెక్టరు రెండు రోజులకు మా ఊరొచ్చి, బడి వరండాలో కూర్చుని మనుషుల్ని పిలిపించాడు. బిడ్డ ఎప్పుడు పుట్టిందని అడిగితే సగం మందికి తెలియదు. ఆయన తెలివైనవాడు. ఆ యేడు ఏ పొద్దు విత్తినారని అడగడం మొదలుపెట్టాడు. దానికి మాత్రం ఒక్కరు కూడా తడుముకోలేదు. ఒకాయన విత్తనం చాలక తమ్ముడి దగ్గర తెచ్చుకున్న సంగతి చెప్పాడు. ఇంకొకాయన ఆ సాయంత్రం వంక అవతల జీపు ఆగిపోతే డ్రైవరుకు కేకలేసి చెప్పింది తానేనన్నాడు. నాకు మాట్లాడే అవసరమే రాలేదు. మనిషి మనిషికీ దండం పెట్టాలనిపించింది, కొందరికి పెట్టాను కూడా.

నెల తిరగకుండానే ఆర్డీవో ఉత్తర్వు వచ్చింది, సర్టిఫికెట్ చేతికొచ్చింది. తర్వాత పాస్‌పోర్టు, దాని మీద ముద్రలు, వాటి మీద ఇంకొన్ని ముద్రలు. బావ పంపిన చివరి ఫారంలో, బిడ్డ ఇప్పుడు ఎవరి దగ్గర ఉంటున్నదని ఒక గడి ఉంది. అక్కడ నా పేరు రాసి, సంబంధం దగ్గర చిన్నమ్మ అని రాశాను. పాపకు సంతకం రాదు కాబట్టి ఎడమ బొటనవేలు సిరాలో ముంచి ఒత్తించాను. అది సరదా పడి, మిగిలిన సిరా అంతా నా చీరకు తుడిచింది. అరవబోయి ఊరుకున్నాను.

బావ వచ్చి పాపను తీసుకుపోయాడు. బెంగళూరు బస్సు ఎక్కేటప్పుడు అది ఏడ్వలేదు. కిటికీ పక్క సీటు దొరికిందన్న సంతోషంలో నావైపు సరిగా చూడను కూడా లేదు. అందుకు నాకు కోపం వచ్చింది. బస్సు మలుపు తిరిగాక, అది ఏడ్చి ఉంటే నేను ఎక్కించగలిగేదాన్ని కాదని తెలిసి కోపం పోయింది.

మరుసటి రోజు ఇంట్లో ఉండలేక వేయించిన వేరుశనగ ఒక సంచి నిండా తీసుకుని మండలాఫీసుకు పోయాను. అటెండరు వాన డబ్బా దగ్గర ముళ్ళ తీగ సరిచేస్తున్నాడు.

"ఇదెందుకు పాపా? నేను చేసిందేముండాది. పడిన వాన రాసినా" అన్నాడు.

"పడని వాన కూడా రాసినావు గదా తాతా. ఆ సున్నాలన్నీ లేకపోతే ఈ ఒక్కటీ ఎవరు నమ్మేవాళ్ళు?" అన్నాను.

ఆయన నవ్వి, గుప్పెడు తీసుకుని సంచి తిరిగిచ్చాడు. తర్వాత రెండేళ్ళకు రిటైరయ్యాడని విన్నాను. నా బతుకులో చాలామందికి కృతజ్ఞతలు చెప్పుకున్నాను గానీ, ఆయనకు చెప్పుకున్నది సరిపోయిందని ఇప్పటికీ అనిపించదు.

రెండు శుక్రవారాలు ఫోన్ రాలేదు. మూడో శుక్రవారం వచ్చింది.

"పాపకు అకామా కొట్టినారు" అంది అక్క. ఆమె గొంతు నాకు కొత్తగా వినిపించింది. "మొదటి నాలుగు దినాలు నా దగ్గరికే రాలే. మొన్న రాత్రి నిద్రలో అమ్మా అనింది నన్ను. వట్టి అమ్మా అని." అంతలో ఫోన్ పాప చేతికిచ్చినట్టుంది. అటువైపు ఊపిరి వినిపించింది, తర్వాత గొంతు.

"ఫోన్ చిన్నమ్మా" అంది పాప.

నవ్వూ ఏడుపూ కలిసి వస్తే బూత్ ఆయన మొహం తిప్పుకుని లెడ్జరు చూసుకున్నాడు. ఆ పిలుపు నాకు గుచ్చుకుంది. అయినా, పాప నా దగ్గరున్నప్పుడు ఫోనమ్మగా ఉన్న మా అక్క ఇప్పుడు దానికి అమ్మ అయింది. నేను ఇన్ని ఆఫీసులు తిరిగింది అందుకే.