శాలిబండ బస్సులో బిందె ఎటు దొర్లింది

ప్రత్యేక రాష్ట్రం ఏర్పడిన మరుసటి సంవత్సరం జూన్‌లో నన్ను పాతబస్తీ వైపు ఒక బస్ డిపోకు సేఫ్టీ డ్రైవింగ్ ఇన్‌స్ట్రక్టర్‌గా వేశారు. పేరు పొడుగే గాని హోదా పొట్టిది. డ్రైవర్లకు శిక్షణ ఇవ్వాలి. ప్రమాదం జరిగితే స్థలానికి వెళ్లి చూసి నివేదిక రాయాలి. డిపో మేనేజర్ కింద ట్రాఫిక్ వైపు ఒక అధికారి, గ్యారేజీ వైపు అసిస్టెంట్ ఇంజనీరు ఉంటారు. ఇన్‌స్ట్రక్టర్ ఈ ఇద్దరిలో ఎవరి మనిషీ కాడు కాబట్టి ఎవరి గదిలోనూ అతనికి కుర్చీ వేయరు. కుర్చీ కోసం నేను రాసిచ్చిన మూడు దరఖాస్తుల నకళ్లు ఇప్పటికీ నా దగ్గర ఉన్నాయి.

అంతకుముందు పద్నాలుగేళ్లు స్టీరింగ్ పట్టాను. ఆ కాలంలోనే సాయంత్రం కాలేజీలో భౌతికశాస్త్రం తీసుకుని డిగ్రీ పూర్తి చేశాను. ఈ సంగతి నా సర్వీసు రికార్డులో ఉంది. దాన్ని తెరిచి చూసిన అధికారి ఒక్కరూ లేరు.

ఆగస్టులో ఒక మధ్యాహ్నం, అఫ్జల్‌గంజ్ నుంచి శాలిబండ మీదుగా పోయే బస్సులో సత్తెమ్మ అనే ఆమె పడిపోయింది. యాభై ఏళ్ల మనిషి. శాలిబండలో చిన్న టిఫిన్ బండి నడుపుకునేది. బేగంబజార్‌లో కొత్త స్టీలు బిందె కొనుక్కుని వస్తోంది. తన స్టాప్ తర్వాతిదే కావడంతో ముందే లేచి నిలబడింది. స్టాప్‌లో ఎక్కేవాళ్లు ఎక్కాక కండక్టర్ రజిత 'రైట్' అంది. బస్సు కదిలింది, సత్తెమ్మ పడింది. తల వెనక దెబ్బ తగిలింది, కుడి మణికట్టు విరిగింది. బస్సు నడిపినవాడు నర్సింహ. సైదాబాద్‌లో బర్రెలు పెట్టుకుని పాలు పోసే ఇంటి మనిషి, మా డిపోలో తొమ్మిదేళ్ల సర్వీసు.

ప్రమాద నివేదికకు ఒక అచ్చు ఫారం ఉంటుంది. బస్సు లోపల ప్రయాణికులు పడిపోవడానికి అందులో రెండే కారణాలు ఇచ్చారు. ఒకటి, డ్రైవర్ హఠాత్తుగా బ్రేక్ వేయడం. రెండు, ప్రయాణికుల అజాగ్రత్త. నేను ఆసుపత్రి నుంచి తిరిగి వచ్చేసరికే మా గుమాస్తా మొదటిదానికి టిక్కు పెట్టేశాడు. ఎవరిని అడిగి పెట్టావంటే, ఇందులో అడిగేదేముందన్నట్టు చూశాడు.

"బస్సుల మనిషి పడ్డదంటే బ్రేకే కదన్నా. ఇంకేమైతది?"

ఆ టిక్కు మీదే నర్సింహను సాయంత్రానికి సస్పెండ్ చేశారు. అతని పేరు మీద అప్పటికే రెండు హెచ్చరికలు ఉన్నాయి. ఈ అభియోగం రుజువైతే మూడోది హెచ్చరికతో ఆగదు, ఉద్యోగం నుంచి తొలగింపే. ఆ సంగతి అతనికీ తెలుసు.

మర్నాడు గేటు దగ్గర నన్ను ఆపాడు. "నేను బ్రేకే కొట్టలే సార్. మొదటి గేరేసి క్లచ్ ఇడుస్తుంటే బండి ఎగిరి దుంకింది. మూడ్రోజుల సంది రాస్తనే ఉన్న."

ఎక్కడ రాశాడో చెప్పాలి. ప్రతి బస్సుకూ లాగ్ షీటు ఉంటుంది. డ్యూటీ దిగేటప్పుడు డ్రైవర్ బండిలోని లోపాలు అందులో రాయాలి, గ్యారేజీ వాళ్లు సరిచేసి పక్కన సంతకం పెట్టాలి. తీసి చూశాను. వరుసగా మూడు రోజులు 'క్లచ్ పట్టేస్తోంది' అని, అంటే మెల్లగా వదిలినా ఒక్కసారిగా అందుకుంటోందని, నర్సింహ రాశాడు. మూడు రోజులూ పక్కన 'చూడబడినది' అని ఉంది. చూడడం వేరు, బాగుచేయడం వేరు అని నేను ఆ గ్యారేజీలో చెప్పడం అది మొదటిసారి కాదు.

నాకు అప్పుడే విషయం తేలిపోయిందనిపించింది. కదలని వస్తువు కదలకుండానే ఉండాలని చూస్తుంది, కదిలేది కదులుతూనే పోవాలని చూస్తుంది. ఇది మొదటి చలన నియమం, తొమ్మిదో తరగతి పాఠం. ఆగి ఉన్న బస్సు ఒక్కసారిగా ముందుకు దూకితే, దాని నేల ఒరిపిడితో పాదాలను లాక్కుపోతుంది. నడుము పైభాగం ఉన్నచోటే ఉండిపోతుంది. మనిషి బస్సు వెనక వైపుకు పడతాడు. పోయే బస్సుకు బ్రేక్ వేస్తే పాదాలు ఆగుతాయి, పైభాగం ముందుకు పోతుంది. మనిషి ముందు వైపుకు పడతాడు. ఆసుపత్రిలో సత్తెమ్మ నాతో స్పష్టంగా చెప్పింది: "ఎనక్కి ఎల్లెలకల పడ్డ బిడ్డా." వెనక్కి పడింది కాబట్టి బ్రేక్ కాదు, బస్సు ముందుకు దూకడమే. నివేదిక రెండు పేజీలు రాసి, బొమ్మ కూడా గీసి పంపాను.

విచారణకు వేరే డివిజన్ నుంచి ఒక ట్రాఫిక్ అధికారి వచ్చారు. శాఖాపరమైన విచారణ కోర్టు లాంటిదే, కాకపోతే వకీళ్లు ఉండరు. విచారణాధికారి అడుగుతారు, జవాబులు రాసుకుంటారు, సాక్షులతో సంతకాలు తీసుకుంటారు. మొదటి రోజు నేను మూడు గంటలు నిలబడే సాక్ష్యం చెప్పాను. అసిస్టెంట్ ఇంజనీరుకు కుర్చీ, టీ వచ్చాయి. అధికారి నన్ను మొదటి నుంచి చివరి దాకా "డ్రైవర్ సాబ్" అనే పిలిచారు. నా హోదా నివేదిక కిందనే టైపు చేసి ఉంది.

నా బొమ్మ వైపు కాసేపు చూసి ఒకే ప్రశ్న వేశారు.

"ఆమె వెనక్కి పడ్డదన్నారు, బాగుంది. పడేటప్పుడు ఆమె ఎటు తిరిగి నిలబడి ఉంది డ్రైవర్ సాబ్?"

ఆమె ముఖం బస్సు ముందుకు ఉంటే వెల్లకిలా పడడం నేను రాసినట్టే. కానీ వెనక ఉన్న కండక్టర్ వైపు తిరిగి ఉంటే, వెల్లకిలా పడడమంటే బస్సు ముందు వైపుకు పడడం. అంటే కదిలిన వెంటనే వేసిన బ్రేకే. ఎవరి వెనక, దేనికి వెనక అని అడగకుండా రెండు పేజీలు రాశాను. అసిస్టెంట్ ఇంజనీరు టీ గ్లాసు కింద పెట్టి నవ్వాడు. ఆ నవ్వు నాకు బాగా గుర్తుంది. ప్రశ్న మాత్రం న్యాయమైనదే, అది ఒప్పుకోవాలి.

బయటికి వచ్చాక నర్సింహ అడిగాడు, "సార్, మీరు నన్ను బచాయించనీకి వచ్చిన్రా, ముంచనీకి వచ్చిన్రా?"

రెండో రోజు సత్తెమ్మను పిలిపించారు. చేతికి పట్టీతో వచ్చింది. ఎటు తిరిగి నిలబడ్డావమ్మా అంటే, "కండక్టరమ్మ దిక్కు మర్రి నా స్టాప్ వస్తదని చెప్పిన. మల్ల ఇటు మర్రిన్నో లేదో యాదికి లేదు సారూ" అంది. కండక్టర్ రజిత ఆ క్షణంలో టికెట్లు కొడుతోంది, చూడలేదు. అధికారి కాగితాలు సర్దుకోవడం మొదలుపెట్టారు. బ్రేక్ కాదనడానికి ఆధారం లేదని రాయబోతున్నట్టు నాకు అర్థమైంది. నర్సింహ గోడకు ఆనుకుని నిలబడ్డాడు.

సత్తెమ్మ మాత్రం లేవలేదు. "నా చెయ్యి సంగతి సరే. నా బిందె సంగతేంది? కొత్త బిందె, గింత సొట్ట వడ్డది. దానికెవరు జవాబు?"

"బిందె ముచ్చట ఇక్కడ కాదమ్మా" అన్నారు అధికారి.

"ఇక్కడ గాకుంటె ఇంకేడ జెప్పాలె? మీ బస్సులనే గద పోయింది. గా కండక్టరమ్మనే కడాఖరు సీటు కిందికెల్లి గుంజుకొచ్చి ఇచ్చింది, అడుగుండ్రి!"

గదిలో అందరూ నవ్వారు. నేను నవ్వలేదు. ఆ మాట ఉన్నదున్నట్టు రాయమని అడిగాను. నాలుగుసార్లు అడిగితే రాశారు. రజితను అడిగితే అవునంది. సత్తెమ్మ చేతిలోంచి జారిన బిందె నడవలో వెనక్కి దొర్లిపోయి, చివరి సీటు కాలికి ఠంగుమని కొట్టుకుని అక్కడే ఇరుక్కుందట. ఇది మొదటి రోజే ఎందుకు చెప్పలేదమ్మా అన్నాను.

"బిందె గురించి ఎవరన్న అడిగిన్రా సార్ నన్ను?"

మనిషి ఎటైనా తిరుగుతుంది. బిందెకు ముఖం లేదు. అది బస్సు వెనక వైపుకు పోయిందంటే బస్సు దాని కింద నుంచి ముందుకు దూకింది. బ్రేక్ వేసి ఉంటే డ్రైవర్ క్యాబిన్ వైపు రావాలి. అసిస్టెంట్ ఇంజనీరు వెంటనే, అక్కడ రోడ్డు వాలు ఉండొచ్చు, బిందె దానంతటదే దొర్లి ఉండొచ్చు అన్నాడు. అదీ అడగాల్సిందే. అయితే పోయి చూద్దాం అన్నాను.

ఆదివారం పొద్దున్న, రద్దీ లేనప్పుడు, ఖాళీ బస్సు తీసుకుని అదే స్టాప్‌కు వెళ్లాం. సత్తెమ్మ బిందెను సొట్ట పైకి ఉండేటట్టు నడవలో పడుకోబెట్టాను. బస్సు ఆగి ఉన్నప్పుడు బిందె కదల్లేదు. వాలు మాట అక్కడితో పోయింది. స్టీరింగ్ నేనే పట్టి, క్లచ్‌ను కావాలనే ఒక్కసారిగా వదిలాను. బిందె వెనక్కి పోయి చివరి సీటుకు కొట్టుకుంది. మళ్లీ తెచ్చి మధ్యలో పెట్టించి, ఈసారి మెల్లగా కదిలి బ్రేక్ వేశాను. ముందుకు దొర్లి వచ్చి, మాతో వచ్చి ముందు వైపు నిలబడిన విచారణాధికారి బూటుకు తగిలింది. ఆయన రెండుసార్లూ రెండు చేతులతో కడ్డీ పట్టుకునే ఉన్నారు, కాబట్టి వదిలితే ఏ వైపుకు పడేవారో ఆయనకు చెప్పాల్సిన పనిలేకపోయింది.

ఇంకొకటి దొరికింది. ప్రమాదం జరిగిన మర్నాడే ఆ బస్సుకు కొత్త క్లచ్ ప్లేటు వేసినట్టు గ్యారేజీ జాబ్ కార్డులో ఉంది. క్లచ్‌లో లోపం లేకపోతే ఎందుకు మార్చారని అడిగాను. రొటీన్ అన్నాడు అసిస్టెంట్ ఇంజనీరు. మూడు రోజులు రాసినా రాని రొటీన్, ఒక ఆడమనిషి చెయ్యి విరిగిన మర్నాడు వచ్చింది.

నర్సింహ మీద అభియోగం రుజువు కాలేదని రాశారు. కథ అక్కడ అయిపోవాలి, కాలేదు. ఫారంలో బ్రేక్ అన్న టిక్కు కొట్టేస్తే మిగిలింది రెండోదొక్కటే. దాంతో ప్రయాణికురాలి అజాగ్రత్త అని టిక్కు పెట్టి, సాక్షిగా సంతకం చేయమని కాగితం నా ముందుకు తోశారు. అలా పోతే సత్తెమ్మ చికిత్సకు సంస్థ పూచీ ఉండదు. డ్రైవర్ బయటపడ్డాడు కదా, ఇంకా ఏం కావాలన్నారు అధికారి. నిజం కావాలన్నాను. ఫారంలో ఆ గడి లేదన్నారు. గడి నేను గీస్తానన్నాను.

నర్సింహ నా మోచేయి పట్టుకున్నాడు. "సార్, దండం పెడ్త. సంతకం చేయుండ్రి. మల్ల మొదటికొస్తే నా నౌకరీ పోతది."

అతని భయం అర్థం లేనిది కాదు. అయినా నేను సంతకం చేయలేదు. రెండు గడుల కింద మూడో గడి చేత్తో గీసి, 'క్లచ్ లోపం, లాగ్ షీటులో మూడుసార్లు నమోదైంది, సరిచేయలేదు' అని రాసి, దాని కింద సంతకం చేశాను. ఆ కాగితం పై ఆఫీసు నుంచి రెండుసార్లు తిరిగి వచ్చింది. రెండుసార్లూ లాగ్ షీటు నకలు జతచేసి తిరిగి పంపాను. దీనికి రెండు నెలలు పట్టింది; ఆమోదం రానిదే సస్పెన్షన్ ఎత్తరు కాబట్టి ఆ రెండు నెలలూ నర్సింహ సస్పెన్షన్‌లోనే ఉన్నాడు, నాతో మాట్లాడలేదు. మూడోసారి మారకుండా ఆమోదమై వచ్చింది. సత్తెమ్మ చికిత్స ఖర్చు సంస్థ భరించింది. నర్సింహ డ్యూటీకి వచ్చాడు. బిందె పరీక్ష గురించిన పేరాలో మాత్రం 'గ్యారేజీ సాంకేతిక విభాగం నిర్వహించిన ప్రయోగం' అని ఉంది. సవరించమని రాశాను, జవాబు రాలేదు.

ఆ తర్వాత రిటైరయ్యే వరకు ప్రతి ప్రమాదంలోనూ మూడు సంగతులు మొదటి గంటలోనే రాసుకున్నాను: పడిన మనిషి ముఖం ఎటు ఉంది, చేతిలోని వస్తువు ఎక్కడ దొరికింది, ముందు మూడు రోజుల లాగ్ షీటులో ఏముంది. చలన నియమం వస్తువు ఎటు పోతుందో చెబుతుంది. బండి ఎందుకు దూకిందో, తప్పు ఎవరిదో అది చెప్పదు. అది తెలిసినవాడు రాయాలి, రాసేందుకు చోటు లేకపోతే చోటు చేసుకుని రాయాలి. దానివల్ల ఆలస్యం జరుగుతుంది, ఆ ఆలస్యాన్ని మనకు బదులు ఇంకొకరు అనుభవించాల్సి రావచ్చు. నర్సింహ ఆ రెండు నెలల విషయంలో నన్ను ఎప్పుడూ క్షమించలేదు. అతని స్థానంలో ఉంటే నేనూ క్షమించేవాణ్ని కాదు.